దొంగగద్దకు ఏడు సెకన్లు

పెద్ద పక్షిని ఎగిరేటప్పుడు ఎలా పోల్చుకుంటావని అడగడానికి టీవీ వాళ్ళు మా ఇంటికి మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ నేను నోరు తెరవకముందే, "కన్నకూతురి మొహం కూడా గుర్తుపట్టలేని అభాగ్యురాలు" అని మొదలుపెట్టారు. మూడుసార్లూ లేచి పొమ్మన్నాను. నా మీద జాలిపడే పని ఎవరూ పెట్టుకోనక్కర్లేదు. అందుకే ఈ కథ నేనే చెబుతున్నాను.

నా పేరు సిద్దమ్మ. మాది గొర్రెలు కాసే ఇల్లు. మా ఊరి పక్కన నల్లగుట్టల మీద నలభై రెండు గాలిమరలున్నాయి. ఊళ్ళో వాటిని ఫ్యాన్లంటారు. ఒక్కొక్క రెక్క లారీ కంటే పొడవు. ఆ గుట్టల వెనక రాతి అరుగుల మీద రాబందులు గూళ్ళు పెడతాయి, పెద్ద గద్దలు కూడా పెడతాయి. వాటిలో ఒక్కటి రెక్క తగిలి చచ్చినా ఫ్యాన్లన్నీ ఆపించేస్తామని కోర్టు కంపెనీని హెచ్చరించింది. అప్పుడు కంపెనీ వాళ్ళు గుట్ట మీద ఒక గుడిసె వేసి, అందులో ఒక ఎర్ర మీట పెట్టి, నన్ను కూర్చోబెట్టారు. మీట నొక్కితే ఫ్యాన్లు ఆగడానికి అర నిమిషం పడుతుంది. అంటే పక్షి చుక్కలా ఉన్నప్పుడే అది ఏదో తేల్చాలి.

రంగు చూసేవాడు మోసపోతాడు. ఎండకు అడ్డంగా ఎగిరేది ఏదైనా నల్లగానే ఉంటుంది. సైజు చూసేవాడు ఇంకా పెద్ద తెలివితక్కువవాడు. దగ్గరున్న మామూలు గద్ద, దూరంగా ఉన్న రాబందు ఒక్కంతే కనబడతాయి. మా నాయన కరియప్ప నాకు చుట్టు చూడమని నేర్పాడు. మామూలు గద్ద గబగబా చుట్టు తిరుగుతుంది, చీలిన తోకను అటూ ఇటూ మెలితిప్పుతుంది. రాబందు ఒక చుట్టు తిరిగేలోపు బీడీ ముట్టించి రెండు దమ్ములు లాగొచ్చు. దాని రెక్కలు తలుపు చెక్కల్లా వెడల్పు, చివర వేళ్ళు విప్పినట్టుంటాయి, తోక కురచ, తల ఉందో లేదో తెలియదు. పాములు తినే గద్ద గాల్లో ఒకే చోట నిలబడి కిందికి చూస్తుంది. ఇక తల ముందుకు సాచి, తోక పొడుగ్గా పెట్టి, తిన్నగా కోసుకొచ్చేది ఒకటుంది. గొర్రెపిల్లను అమాంతం ఎత్తుకుపోతుంది. పుస్తకాల్లో దానికి ఏ పేరుందో కానీ మేము దొంగగద్ద అంటాం.

నాలుగేళ్ళలో నేను ఒక్క పక్షినీ చావనివ్వలేదు. అనవసరంగా మీట నొక్కిందీ లేదు. నాకు ముందు పెట్టిన కెమెరా యంత్రం కొంగ వచ్చినా ఆపేది, ఈకలు రాలిన రాబందు వస్తే ఊరుకునేది. దాన్ని మూలన పడేశారు.

అంత బాగా చేశాను కాబట్టే నా మీద కన్ను పడింది. పనిమంతురాలికి పనే శిక్ష.

కంపెనీ విశాఖపట్నం నుంచి మెదడు డాక్టరు యశోధరను పిలిపించింది. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉంటుంది, మాట మెత్తన. మంచి మనిషే, ఆ మాట ఇప్పటికీ అంటాను. గుడిసెలో నా పక్కన వారం రోజులు కూర్చుంది. ఒకరోజు నేను "రాబందు, పడమట" అన్నాక ఆమె దుర్భిణి ఎత్తి వెదుక్కోవడానికే చాలాసేపు పట్టింది.

"సిద్దమ్మ గారూ, మీరు అది ఎలా చెప్పారు?" అంది.

"చూసినా, చెప్పినా. నీ మొగుణ్ణి బజార్లో చూస్తే ముక్కు కొలిచి పోల్చుకుంటావా డాక్టరమ్మా?"

ఆమె నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది. ఆ మాటలోనే అసలు సంగతంతా ఉందని నాకప్పుడు తెలియదు. ఆమెకు తెలుసు.

నెల తిరక్కుండా ఒక నల్ల టోపీ తెచ్చింది. దాని లోపలంతా వేరుశనగ గింజలంతేసి బొడిపెలు. టోపీ పెట్టుకుని మామూలుగా పక్షుల్ని చూడటమే నా పని. 'ఇది ఫలానా' అని నాకు తట్టే క్షణంలో తలలో ఏం మెరుస్తుందో టోపీ చదివి, గుట్ట మీది స్తంభానికి బిగించిన కొత్త కెమెరాలకు నేర్పుతుంది. ఆ మెరుపు చాలకపోతే బొడిపెలు చిన్నగా టకటకమని కుదిపి దాన్ని పెంచుతాయి. నొప్పి ఉండదు. తలంటు పోసుకున్నప్పుడు మాడు జిమ్మన్నట్టు ఉంటుందంతే. ఈ యంత్రం నేర్చుకుంటే దేశంలో ఫ్యాన్లున్న ప్రతి గుట్ట మీదా ఒక సిద్దమ్మ ఉన్నట్టేనని చెప్పింది. నాకు గర్వమేసింది. అబద్ధమెందుకు, బాగా గర్వమేసింది.

మా ఆయన లింగప్పకు మాత్రం నచ్చలేదు. "తలకాయకు తీగలు పెట్టుకునే పని ఏం పనే? గొర్రెకు గజ్జి పడితే మందు పూస్తాం గానీ, బాగున్న గొర్రెకు పూస్తామా?" అన్నాడు. నేను వినలేదు.

ఎనిమిది నెలలు పెట్టుకున్నాను. నా చూపుకు పదునొచ్చింది. పక్షి ఇంకా చుక్కగా ఉండగానే, అది నిరుడు పుట్టిన పిల్లా, ముసలిదా అని తెలిసిపోయేది. యశోధర చప్పట్లు కొట్టింది.

మా అమ్మాయి పల్లవి అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పంతొమ్మిదేళ్ళు. నెలకోసారి వస్తుంది, వచ్చిన రోజుల్లో మంద తోలుకుపోతుంది. ఆ శనివారం నేను గుట్ట దిగి బస్టాపు దగ్గర దానికోసం నిలబడ్డాను. బస్సు వచ్చింది. నలుగురమ్మాయిలు దిగారు. నేను బస్సు తలుపు వైపే చూస్తున్నాను. బస్సు కదిలింది. నా బిడ్డ రాలేదే అనుకుంటుంటే, ఎదురుగా నిలబడ్డ పిల్ల నవ్వుతూ, "ఏంమా, నన్ను చూడకుండా ఆ బస్సును చూస్తాండావు?" అంది.

గొంతు పల్లవిది. మొహం ఎవరిదో. కళ్ళున్నాయి, ముక్కుంది, నోరుంది, అన్నీ బాగానే కనబడుతున్నాయి, కానీ అవన్నీ కలిసి నా బిడ్డ కావడం లేదు. దాని చెయ్యి పట్టుకున్నాను. ఇంటికెళ్ళి దొడ్లో గొర్రెల మధ్య కూర్చుని ఏడ్చాను. ఆ ఒక్కరోజే ఏడ్చాను.

తర్వాత లెక్క తేలింది. లింగప్పను దగ్గును బట్టి, పొరుగామెను గాజుల చప్పుడును బట్టి పోల్చుకుంటున్నానని, చాలా రోజులుగా అలాగే నెట్టుకొస్తున్నానని అప్పుడు తెలిసింది. రోజూ దగ్గరుండేవాళ్ళను ఎలాగో పట్టుకున్నాను. నెలకోసారి వచ్చే బిడ్డ మొహం జారిపోయింది.

యశోధరకు చెబితే ఆమె మొహం ఎలా అయిందో నేను చెప్పలేను, కానీ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"తలలో మొహాల్ని గుర్తుపట్టే చోటు ఒకటి ఉంటుందండీ," అంది. "పక్షుల్ని మీలా చూసేవాళ్ళు ఆ చోటునే పక్షులకూ వాడతారు. మేం పక్షుల మెరుపునే పెంచుతూ పోయాం. అవి..."

"అర్థమయింది. ఒకే మడిలో రెండు పైర్లుంటే ఒకదానికే నీళ్ళు పెట్టినారు. అదే అల్లుకునింది, రెండోది చచ్చింది."

"పూర్తిగా చచ్చిపోలేదేమో. టోపీ మానేసి, రెండేళ్ళు పక్షులవైపే చూడకుండా ఉంటే కొంత తిరిగి రావచ్చు. ఖాయంగా చెప్పలేను."

"రెండేళ్ళు తలెత్తకుండా బతకమంటావు."

"నన్ను క్షమించండి," అంది. ఇలా కావచ్చని ఆమెకు అనుమానం ఉండేదా అని అడిగాను. ఉండేదని తల దించుకుని ఒప్పుకుంది. ఎలుకల మీద పరీక్షిస్తే కనబడలేదట. ఎలుకలకు బిడ్డల మొహాలతో ఏం పనని అడిగాను.

మర్నాడు మేనేజరు సుదర్శనం కాగితం తెచ్చాడు. నాకీ జబ్బు పుట్టినప్పటి నుంచీ ఉందని అందులో రాసి ఉంది. చదివాను. ఇంటర్ తప్పానుగానీ చదవడం వచ్చు.

"చిన్న సంతకమేనమ్మా, ఫార్మాలిటీ," అన్నాడు.

"పుట్టినప్పుడు నీవు మా ఇంట్లో ఉన్నావా సార్? మంత్రసాని నువ్వేనా?"

సంతకం పెట్టలేదు. ఆ కాగితం ఈనాటికీ మా ఇంట్లోనే ఉంది, ఖాళీ గీతతో సహా.

టోపీ తీసేశాను. నన్ను గుడిసె నుంచి దింపేసి, యంత్రాన్ని ఎక్కించారు. రాబందులు వస్తే ఫ్యాన్లు ఠంచనుగా ఆగాయి. పాములు తినే గద్ద వచ్చినా ఆగాయి. నేను మందతో గుట్ట కింద తిరుగుతూ చూస్తూనే ఉన్నాను. మూడో వారంలో దొంగగద్ద ఒకటి రెక్క తగిలి రెండు ముక్కలై పడింది. తర్వాతి నెలలో ఇంకోటి. రెండింటినీ కంపెనీ వాళ్ళు గోతాంలో వేసి ఎటో తీసుకుపోయారు. బయటికి పొక్కనివ్వలేదు.

యశోధర పరుగున మా దొడ్డికి వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. "ఒక్క దొంగగద్ద విషయంలోనే ఏడు సెకన్లు ఆలస్యమవుతోంది. అది కనబడగానే కెమెరాలన్నీ ఆకాశం వదిలేసి నేలవైపు వంగుతున్నాయి. ఎందుకో అర్థం కావడం లేదు. ఏం వెదుకుతున్నాయండీ అవి?"

నేను చూశాను. స్తంభం మీద ఎనిమిది కెమెరాలు. గద్ద కనబడింది. ఎనిమిదీ ఒక్కసారిగా తలలు దించి, గుట్ట వాలంతా ఎడమ నుంచి కుడికి గాలించాయి. రాళ్ళు, తుమ్మచెట్లు, బోడి నేల. మళ్ళీ పైకి లేచాయి. అప్పటికి గద్ద ఫ్యాను రెక్కల్లోకి వచ్చేసింది.

నాకు నవ్వొచ్చింది.

"మంద కోసం వెదుకుతాండాయి డాక్టరమ్మా."

"ఏ మంద?"

"దొంగగద్ద కనబడితే గొర్రెలోళ్ళు ముందు మందను చూస్తారు. పిల్లలు యాడుండాయి, తల్లి కింద ఉండాయా, విడిగా ఉండాయా అని. తర్వాతే గద్దను చూస్తారు. నడక వచ్చినప్పటి నుంచీ అంతే. నేను చూస్తాండానని నాకే తెలీదు."

"మరి మీరున్నప్పుడు ఒక్కటీ చావలేదు కదా?"

చెయ్యి చూపించాను. "కళ్ళు మంద కాడికి పోతే ఇది మీట మీదికి పోయేది. నీ టోపీ కళ్ళను తీసుకునింది. చేతిని తీసుకోలేదు."

ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. తర్వాత, ఇంకో నాలుగు నెలలు టోపీ పెట్టుకుంటే ఆ అలవాటు తీసేసి యంత్రానికి మళ్ళీ నేర్పొచ్చని కంపెనీ అడగమందని చెప్పింది. తాను మాత్రం వద్దనే చెబుతున్నానంది. మిగిలిన మొహాలు కూడా పోతాయట. అద్దంలో నాది కూడా.

"పో, చెప్పు వాళ్ళకు. సిద్దమ్మ తల ఒకసారే అద్దెకిస్తాది," అన్నాను. ఆ సాయంత్రమే ఆమె కంపెనీకి రాజీనామా రాసి పంపింది.

నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆషాఢం వచ్చింది. నిలబడితే మనిషిని తోసేసే గాలి. ఫ్యాన్లు గింగిరాలు తిరుగుతున్నాయి. గుడిసెలో వదిలేసిన నా కంబళి తెచ్చుకుందామని గుట్ట ఎక్కాను. గుడిసె ముందు నా కుర్చీలో ఒక పిల్ల కూర్చుని ఉంది. తలకు నల్ల టోపీ. పక్కన సుదర్శనం, టోపీ తీగలు పట్టుకుని ఎవడో కొత్త డాక్టరు.

నా ఒళ్ళు మండిపోయింది. ఎవరి కడుపు కొట్టడానికి మళ్ళీ తెచ్చారో అనుకున్నాను. ఆ పిల్ల నా వైపు చూసి ఏదో అనబోయింది. గాలి హోరులో వినబడలేదు. సుదర్శనం నన్ను చూసి గబగబా అడ్డం వచ్చాడు. అప్పుడే ఉత్తరాన కనబడింది. తల ముందుకు, తోక పొడుగ్గా, గాలిని కోసుకుంటూ తిన్నగా వస్తోంది.

స్తంభం మీద కెమెరాలు తలలు దించాయి. కుర్చీలో ఉన్న పిల్ల కూడా అదే క్షణంలో తల దించింది. గుట్ట వాలు వైపు, ఎడమ నుంచి కుడికి చూసింది. మంద లేని చోట మందను వెదికింది.

గొర్రెలోళ్ళ బిడ్డ. అది ఒక్కటే తట్టింది నాకు. సుదర్శనాన్ని తోసేసి లోపలికి దూకి ఎర్ర మీట మీద అరచెయ్యి వేసి కొట్టాను. ఆషాఢం గాలిలో నలభై రెండు ఫ్యాన్లు మూలిగాయి, నెమ్మదించాయి, ఆగాయి. దొంగగద్ద రెండు ఫ్యాను రెక్కల నడుమ నుంచి దాటి అవతలి లోయలోకి దిగిపోయింది.

బయటికొచ్చి ఆ పిల్ల తల మీది టోపీ పీకేశాను. గాలికి జుట్టంతా మొహం మీద పడింది.

"ఎవరి మంద పిల్లవే నువ్వు? నీకు తల్లి లేదా? ఈ పాడు టోపీలో తల పెడతాంటే చూస్తా ఊరకుండాదా ఆమె?"

ఆ పిల్ల కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి.

"మన మంద పిల్లనే మా. నేను పల్లవిని."

నా చేతిలో టోపీ ఉంది. ఏం చెయ్యాలో తెలియలేదు. దాని మొహం చూస్తున్నాను, ఎంత చూసినా ఎవరో పిల్లే. ఇంత దగ్గరగా నిలబడి నా బిడ్డను 'నీకు తల్లి లేదా' అని అడిగాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

"నేను పెట్టుకుంటే ఇంక నీ జోలికి రాబోమన్నారు మా," అంది వెక్కుతూ. "నిన్ను మళ్ళీ పిలవబోమని రాసిస్తామన్నారు. నాలుగు నెలలే అన్నారు. ఈ రోజే మొదలు."

సుదర్శనం దగ్గరికొచ్చాడు. "మేజర్ అమ్మాయి, తన ఇష్టంతో వచ్చింది. ఆ మీట తిరిగి ఎత్తండి సిద్దమ్మ గారూ. నిమిషానికెంత నష్టమో తెలుసా?"

"తెలీదు. తెలుసుకోను. నా బిడ్డ కూడా కిందికే చూసింది, నీ కళ్ళతో నువ్వే చూస్తివి. దీని తల తిన్నా నీ యంత్రం ఏడు సెకన్లు మంద కోసం వెదుకుతానే ఉంటాది. మా ఇండ్లల్లో ఎవుర్ని పెట్టినా అంతే. పోయి కోర్టు వాళ్ళను పిలుచుకుని రాపో. అంతవరకూ ఇవి తిరగవు."

మీట ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలవమన్నాను. పల్లవి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. మధ్యాహ్నానికి లింగప్ప వచ్చాడు, ఒక్కడు కాదు, రెండొందల గొర్రెల్ని తోలుకుని. గుడిసె చుట్టూ మందను నిలబెట్టాడు. పోలీసులు వచ్చారుగానీ గొర్రెల మధ్య నుంచి దారి చేసుకోలేక చెట్టు కింద నిలబడిపోయారు.

మూడు రోజులు ఫ్యాన్లు తిరగలేదు. నాలుగో రోజు కోర్టు పంపిన విచారణ అధికారులు వచ్చారు. యశోధర తన కాగితాలన్నీ వాళ్ళ ముందు పెట్టింది, తనకు ముందే అనుమానం ఉండేదన్న మాటతో సహా. గోతాంలో పోయిన రెండు గద్దల సంగతీ చెప్పింది. కంపెనీ లాయరు లేచి, "కూతుర్నే పోల్చుకోలేని ఈమె పక్షుల్ని పోల్చిందంటే ఎలా నమ్ముతాం?" అన్నాడు. అధికారి నన్ను బయటికి తీసుకెళ్ళి ఆకాశం చూపించాడు. మూడు చుక్కలున్నాయి.

"ఎడమది మామూలు గద్ద. నడుమది రాబందు, ఈ యేటి పిల్ల, కుడి రెక్కలో రెండో వేలు లేదు. మూడోది పక్షి కాదు సార్. ఎవుడో ఎగరేసిన గాలిపటం," అన్నాను. దుర్భిణి పెట్టి చూశాడు. లాయరు కూర్చున్నాడు.

టోపీకి సీలు వేశారు. గుట్ట మీద మనుషులే కాపు కాయాలని, వంతులవారీగా నలుగురు ఉండాలని తీర్పొచ్చింది. ఆ నలుగురికీ నేర్పేది నేనే. దొంగగద్ద కనబడితే కళ్ళు ఎటైనా పోనీ, చెయ్యి మాత్రం మీట మీదికి పోవాలని రోజూ చెబుతాను.

యశోధర ఇప్పటికీ ఉత్తరాలు రాస్తుంది, పక్షుల్ని వదిలేయమని, రెండేళ్ళు ప్రయత్నించమని. పల్లవిని అడిగాను.

"వదిలేస్తే నీ మొహం రావచ్చంట. రాకపోవచ్చంట. ఏం చేద్దాం?"

"నా మొహం యాడికీ పోలేదు మా, నా కాడే ఉంది. కొత్తోళ్ళు నేర్చుకునేదాకా నువ్వు పైకి చూడు," అంది.

అది నా కడుపున పుట్టిన బిడ్డే, సందేహం లేదు.

ఒక్క విషయంలోనే దానితో గొడవపడ్డాను. ఇంటికి వచ్చినప్పుడల్లా గడప దగ్గర ఆగి, "మా, నేను పల్లవిని," అని చెప్పేది. రెండు నెలలు ఓర్చుకున్నాను. మూడోసారి చేతిలో గరిట విసిరేశాను. సొంత ఇంట్లోకి పేరు చెప్పి రావడానికి నువ్వేమన్నా చుట్టానివా, జనాభా లెక్కల దానివా అని అరిచాను. పోల్చుకోవడం నా పని, తప్పితే ఆ తప్పు నాది, నువ్వు తిన్నగా లోపలికి రా అన్నాను.

ఇప్పుడు చెప్పదు. శనివారం సాయంత్రం గడప దాటి ఏ ఆడపిల్ల లోపలికి వచ్చినా, ఇంత ఆలస్యమేమే అని నాలుగు తిట్లు తిట్టి, కంచంలో సంగటి పెట్టేస్తాను. ఇంతవరకు ఒక్కసారే తప్పింది. ఆ రోజు వచ్చింది కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచరు, బరువు తూచే పుస్తకం పట్టుకుని. పాపం, తిట్లన్నీ తలొంచుకుని వింది, మారుముద్ద కూడా పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుని పోతూ గడప దగ్గర ఆగి, "వచ్చే శనివారం కూడా రావచ్చా మా?" అని అడిగింది.

రమ్మన్నాను.